గజనీ మహమ్మద్‌ను సరిగ్గా వాడడం ఎలా?

31 ఏళ్లు సోషల్ పాఠం చెప్పాను. అన్నేళ్లలో నా చెవిన ఎక్కువసార్లు పడిన చారిత్రక పురుషుడు అశోకుడు కాదు, అక్బరూ కాదు, గజనీ మహమ్మద్. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి వచ్చిన ప్రతివాడూ తల గోక్కుంటూ అదే మాట: "గజనీ మహమ్మద్ పదిహేడుసార్లు ఓడిపోయి ఆఖరికి గెలిచాడు కదా మేడమ్, నేనూ గెలుస్తా."

మొదట్లో నవ్వి పంపేసేదాన్ని. తర్వాత్తర్వాత వాళ్లను నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. "ఒరేయ్, ఆయన పదిహేడుసార్లు ఓడిపోలేదురా. పదిహేడుసార్లు వచ్చాడు. 1000 నుంచి 1027 దాకా అదే పని. దాదాపు వచ్చిన ప్రతిసారీ గెలిచి, మూటలు కట్టుకుని వెళ్లాడు. కశ్మీర్ దారిలో లోహకోట దగ్గర మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగాడు. అంటే రెండు పేపర్లు తప్పాడనుకో. నీకు ఆరింట్లో నాలుగు పోయాయి. నువ్వు గజనీవి ఎలా అవుతావు?"

ఓడి మళ్లీ వచ్చి గెలిచినవాడు ఇంకొకడున్నాడు, మహమ్మద్ ఘోరీ. 1191లో తరాయిన్ దగ్గర పృథ్వీరాజు చేతిలో ఓడాడు, మరుసటేడు 1192లో అదే తరాయిన్‌లో గెలిచాడు. మార్చిలో పోయి జూన్‌లో గట్టెక్కినవాడు అచ్చంగా ఘోరీ. పేర్లు దగ్గరగా ఉండేసరికి జనం నోట్లో ఇద్దరూ కలిసిపోయి, ఒకడి ఓటమి ఇంకొకడి ఖాతాలో పడింది.

మరి గజనీని ఎక్కడ వాడాలి? మా ఇంట్లో ఆ పేరుకు హక్కుదారు మా మేనల్లుడు. నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా చేతులూపుకుంటూ వచ్చి, వెళ్లేటప్పుడు ఏదో ఒకటి పట్టుకుపోతాడు. ఒకసారి ఫోన్ చార్జరు, ఒకసారి గొడుగు, ఒకసారి నేను సగం చదివిన నవల. "అత్తా, ఇది నీకు వాడుకలో లేదుగా" అనేది వాడి రణభేరి. గేటు చప్పుడు కాగానే మా ఆయన కళ్లజోడు జేబులో పెట్టుకుని, "పదకొండో దండయాత్ర" అంటారు. ఇదీ గజనీని వాడే పద్ధతి: ఓడడం కాదు, రావడం, పట్టుకుపోవడం. సోమనాథ్ ఊసు మాత్రం ఎత్తను. అది చాలామందికి ఇప్పటికీ నవ్వులాటకు దొరికే సంగతి కాదు.

నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క కిటుకే. యుద్ధం ఎంత పెద్దదైనా, మన ఇంటి గొడవతో అది ఒకచోట అతకాలి. ఆ అతుకు ఎక్కడుందో ముందు వెతకండి. ఎవడు ఎన్నిసార్లు వచ్చాడు, ఎవడు కదలకుండా నిలబడ్డాడు, గొడవ దేనిమీద మొదలైంది, ఎంతసేపు జరిగింది. ఇలాంటి చిన్న వివరం ఒకటి పట్టుకుంటే చాలు. అది లేకుండా "ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది" అంటే ఎవరూ నవ్వరు, పాపం అంటారు.

మీర్ జాఫర్‌ది కదలని పాత్ర

మీర్ జాఫర్ అంటే ద్రోహి, అందరికీ తెలిసిన అర్థం అదే. కానీ 1757 జూన్ 23న ప్లాసీలో ఆయన చేసిన పనేమిటి? తన నవాబు మీద కత్తి దూయలేదు. తన దండుతో అలా నిలబడి ఉన్నాడు, అంతే. సిరాజుద్దౌలా వైపు ఇంచుమించు 50,000 మంది, క్లైవు వైపు 3,000 మంది. ఆ 50,000లో పెద్ద భాగం కదలకుండా చూస్తూ ఉంటే యుద్ధం ముగిసిపోయింది. కాబట్టి మీర్ జాఫర్ అనే మాట సరిగ్గా అతికేది చాడీలు చెప్పేవాడికి కాదు, పని జరుగుతున్నచోట చేతులు కట్టుకుని నిలబడేవాడికి.

ఈ సూక్ష్మం నాకు తెలుసు, మా మరిదికి తెలియదు. ఇల్లు మారుతున్న రోజు మా ఆయన, మా అబ్బాయి, పక్కింటి కుర్రాడు కలిసి ఇనుప బీరువా ఎత్తారు. మా మరిది గోడకు ఆనుకుని, "ఎడమకి, ఎడమకి" అంటున్నాడు. నేను ఊరుకోలేక "మీర్ జాఫర్ గారూ, మీరూ ఓ చెయ్యి వేయొచ్చు" అన్నాను. ఆయన మొహం నల్లబడింది. "నేనేం ద్రోహం చేశాను వదినా? ఇల్లు చూసిపెట్టిందే నేను కదా!" బీరువా గాల్లో ఉండగా ప్లాసీ పాఠం మొత్తం చెప్పాల్సొచ్చింది. మోస్తున్న ముగ్గురూ నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు.

అప్పట్నుంచి ఒక జాగ్రత్త పెట్టుకున్నాను. మాట వినేవాడికి ఏ అర్థం తెలుసో అదే వాడికి తగులుతుంది, మన మనసులో ఉన్నది కాదు. మన అర్థం వేరైతే కథ ముందు చెప్పి, పేరు తర్వాత అంటించాలి. "ప్లాసీలో ఒకాయన ఇలాగే నిలబడి చూశాడు మరిదిగారూ" అని ఉంటే ఆయనే నవ్వి వచ్చి పట్టుకునేవాడు.

ప్లాసీలోనే ఇంకో పనికొచ్చే ముక్క ఉంది. మధ్యాహ్నం పెద్ద వాన పడింది. ఇంగ్లీషువాళ్లు తుపాకిమందు మీద టార్పాలిన్లు కప్పుకున్నారు. నవాబు సైన్యం మందు తడిసిపోయింది. కరెంటు పోయి, ఇన్వర్టరు చూస్తే అదీ చార్జింగు లేకుండా ఉంటే మా ఇంట్లో "మందు తడిసింది" అంటాం. ప్రయాణం మధ్యలో ఫోను చచ్చిపోయినా అదే. దీంతో ఎవరికీ నొప్పి లేదు, ఎవరి పేరూ లేదు. అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లు ఇలాంటివాటితో మొదలుపెట్టడం మేలు.

గొడవ మొదలు చూడండి, నిడివి చూడండి

ఇంట్లో అరుపులు వినపడగానే మనవాళ్లు పల్నాటి యుద్ధం అనేస్తారు, బొబ్బిలి యుద్ధం అనేస్తారు. రెండూ ఒకటి కాదు. పల్నాడు కథ కోడిపందెం దగ్గర రాజుకుంది. ఓడినవాళ్లు ఏడేళ్లు ఊరు వదిలి పోవాలని పందెం, తీరా గడువు తీరి వస్తే గెలిచినవాళ్లు భాగం ఇచ్చేది లేదన్నారు. అది కారెంపూడి దాకా పోయి అందరినీ ఊడ్చేసింది. అంటే చిల్లర విషయం మీద పుట్టి, పాత పందేలన్నీ తవ్వుకుంటూ పెరిగే గొడవకు ఈ పేరు సరిపోతుంది. రిమోట్ కోసం మొదలై, పెళ్లికి ఎవరి తరఫువాళ్లు ఎవరిని పలకరించలేదో అక్కడ తేలేది పల్నాటి యుద్ధం.

బొబ్బిలి వేరు. రెండు పక్కపక్క సంస్థానాల పాత పగలోకి ఫిరంగులున్న ఫ్రెంచి సేనాని బుస్సీ దొరను తెచ్చిపెట్టారు. 1757 జనవరి 24న కోట పడిపోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే గెలిచిన విజయరామరాజును తాండ్ర పాపారాయుడు డేరాలోనే పొడిచి చంపాడు. ఎదురెదురు వాటాలవాళ్లు పార్కింగు దగ్గర కొట్లాడుకుని, ఇద్దరిలో ఒకరు పలుకుబడి ఉన్న మూడో మనిషిని వెంటబెట్టుకొస్తే, అప్పుడు అనండి బొబ్బిలి అని. కోట లోపల ఆడవాళ్లకు, పిల్లలకు జరిగింది తలుచుకుంటే నవ్వు రాదు. అందుకే ఈ మాటను గుమ్మం బయటి వరకే వాడతాను.

మాట వచ్చింది కాబట్టి చెబుతాను, మా ఆడపడుచును ఒకసారి అందరి ముందూ "నాయకురాలు నాగమ్మ" అన్నాను. ఒక ఆడది ఆ కాలంలో రాజ్యం నడిపిందన్న గౌరవంతోనే అన్నాను, ఒట్టు. ఆవిడ మూడు నెలలు మాట్లాడలేదు.

నిడివి సంగతికొస్తే, నాకు చాలా ఇష్టమైన మాట "యుద్ధప్రాతిపదికన". రోడ్డు తవ్వి వదిలేసిన ప్రతిచోటా ఈ మాట వినపడుతుంది: పనులు యుద్ధప్రాతిపదికన జరుగుతున్నాయట. ఏ యుద్ధమో చెప్పరు కదా, అక్కడుంది తమాషా. ఇంగ్లండు, ఫ్రాన్సు చేసుకున్న నూరేళ్ల యుద్ధం 1337లో మొదలై 1453లో ముగిసింది, లెక్క వేస్తే 116 ఏళ్లు. ఆ ప్రాతిపదికన అయితే మన రోడ్డు చాలా చురుగ్గా నడుస్తున్నట్టే. రెండో కొసన 1896 ఆగస్టు 27న బ్రిటన్‌కూ జాంజిబార్‌కూ జరిగిన యుద్ధం ఉంది, ముప్పావుగంట కూడా పట్టలేదు. పిల్లలిద్దరూ తలుపు మూసుకుని కొట్టుకుని, మనం చెప్పు వేసుకుని వెళ్లేలోపు ఒకే ఫోనులో తలలు పెట్టి కూర్చుంటే అది జాంజిబార్. "ఏ ప్రాతిపదికన చేస్తావు, నూరేళ్లా, జాంజిబారా?" అని మా అబ్బాయిని అడిగితే వాడు గది సర్దడానికి లేస్తాడు. లేచి ఏం చేస్తాడన్నది వేరే సంగతి.

మాటల్లేని గొడవకు ప్రచ్ఛన్న యుద్ధం అనే పేరు ఎలాగూ స్థిరపడింది. దానికి ఒక నగ చేర్చండి. 1962లో క్యూబా క్షిపణుల గండం గడిచాక, మరుసటేడు వాషింగ్టన్‌కూ మాస్కోకూ మధ్య హాట్‌లైన్ వేశారు. అందరూ ఎర్ర టెలిఫోను అనుకుంటారు, అది మాట్లాడే ఫోనే కాదు, టైపు కొట్టి పంపే టెలిప్రింటరు. మేమిద్దరం మాట్లాడుకోని రోజుల్లో మా చిన్నమ్మాయే ఆ యంత్రం. "అమ్మా, నాన్న స్నానానికి వెళ్తారట, నీళ్లు వేడయ్యాయా అని." "అయ్యాయని చెప్పు." అక్షరం పొల్లు పోకుండా, ఏ భావమూ కలపకుండా మోసేది. ఒకరోజు మాత్రం మధ్యలో ఆగి, "మీరిద్దరూ ఒక్క గదిలోనే ఉన్నారు" అంది. హాట్‌లైన్ తెగిపోయింది, శాంతి కుదిరింది.

ఫోటోకు దండ ఉన్న ఇల్లు

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. 1999 వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన కొత్తలో, తరగతిలో వెనక బెంచీ పిల్లాడొకడు ప్రశ్న అడగగానే నీళ్లకని బయటికి జారుకున్నాడు. "యుద్ధం మొదలవ్వగానే వెన్ను చూపాడు చూడండి" అన్నాను. అందరూ నవ్వారు. రెండో వరుసలో ఒక పిల్ల నవ్వలేదు. వాళ్ల నాన్న సైన్యంలో ఉన్నాడు. అప్పుడు కార్గిల్ జరుగుతోంది. ఆయన ఎక్కడున్నాడో వాళ్లకే తెలియడం లేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, పుస్తకం మూసి కూర్చుంది. ఆయన క్షేమంగానే వచ్చారని తర్వాత తెలిసింది గానీ, నేను ఆ మూసిన పుస్తకాన్ని చాలాకాలం మోశాను.

కాబట్టి ఏ యుద్ధం తాలూకు ఫోటో ఇంకా ఎవరింట్లోనైనా దండతో వేలాడుతూ ఉందో, ఆ యుద్ధాన్ని హాస్యానికి తీయను. ఎన్నేళ్లయిందని కాదు, ఎవరు వింటున్నారని చూస్తాను. పక్క రాష్ట్రం సంగతే చూడండి, మరాఠీవాళ్లకు 1761 నాటి పానిపట్టు ఇప్పటికీ మాటల్లో బతికే ఉంది. ఎవరినైనా నమ్మి మోసపోతే "విశ్వాసం పానిపట్టులోనే పోయింది" అని వాళ్ల నానుడి. ఆ యుద్ధంలో చనిపోయిన పీష్వా కొడుకు పేరు విశ్వాసరావు. పేరు మీద శ్లేష కట్టి నవ్వుకుంటున్నది నష్టపోయినవాళ్లే, గమనించారా? తమ ఓటమి మీద తామే వేసుకునే మాటకు ఉండే అందం పక్కవాడు వేస్తే రాదు. అందుకని కొత్తగా వాడేవాళ్లకు నా సలహా, మొదటి పది మాటలూ మీమీదే వేసుకోండి.

నామీద నేను వేసుకున్నది తుగ్లక్. రాజధానిని దౌలతాబాదుకు మార్చడం, రాగి నాణేలు, ఈ రెండూ అరిగిపోయిన ముక్కలు, వదిలేయండి. మహమ్మద్ బిన్ తుగ్లక్ ఖొరాసాన్ మీదికి వెళ్లాలని పెద్ద సైన్యాన్ని కూడగట్టాడు. ఆ కాలపు చరిత్రకారుడు బరనీ లెక్కలో 3,70,000 మంది. వాళ్లందరికీ ఏడాదిపాటు జీతాలిచ్చి, ఒక్క అడుగు కదపకుండా ఇంటికి పంపేశాడు. నేను జిమ్ములో ఏడాది చందా ఒకేసారి కట్టి నాలుగు రోజులు వెళ్లాను. "మీ ఖొరాసాన్ యాత్ర ఎంతదాకా వచ్చింది?" అని మా అమ్మాయి ఇప్పటికీ అడుగుతుంది. ఇది నేనే నేర్పిన విద్య.

పాతవి సరిపోకపోతే

సొంతంగా తయారుచేసుకోవచ్చు. మా బాల్కనీలో పావురాలు. వల కట్టాం, మెరిసే రిబ్బన్లు వేలాడదీశాం, ప్లాస్టిక్ గుడ్లగూబను నిలబెట్టాం. దాని నెత్తిమీదే కూర్చున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, 1932లో ఆస్ట్రేలియాలో గోధుమ పొలాల మీద పడుతున్న ఈముపక్షుల మీదికి సైన్యాన్నే పంపారు. రెండు లూయిస్ మెషీన్ గన్లు, 10,000 తూటాలు. పక్షులు గుంపులు గుంపులుగా చెదిరిపోయి పరుగెత్తాయి. వారాల తర్వాత సైన్యమే వెనక్కి వచ్చింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనకు సామెత ఉంది గానీ, అందులో బ్రహ్మాస్త్రం తగులుతుందనే ధీమా ఉంది. ఈము యుద్ధంలో అదీ లేదు. మా ఆయన చీపురు పట్టుకుని బాల్కనీలోకి వెళ్తుంటే "ఈము యుద్ధం, రెండో విడత" అంటాను. దండ వేసిన ఫోటోలు ఉంటే గింటే ఈములకే ఉంటాయి కాబట్టి నా నియమానికీ భంగం లేదు.

కొత్తది తయారుచేసినప్పుడు కథ రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. మూడో వాక్యం పడిందంటే వినేవాళ్లు ఫోను తీస్తారు. ఇది క్లాసులో నేర్చుకున్నదే, అప్పట్లో ఫోన్లకు బదులు కిటికీలోంచి చూసేవాళ్లు.

భారతంలో మాటల గురించి కూడా చెప్పాలి. అవి చరిత్ర పుస్తకంలోవి కావని సోషల్ టీచరుగా నాకు తెలుసు. కానీ మన నాలుకకు ఆ తేడా లేదు. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ల ముందు ప్రగల్భాలు పలికి, కౌరవ సైన్యాన్ని చూడగానే రథం దూకి పరుగెత్తాడు. ఇంట్లో అందరి ముందూ "రేపు మేనేజరును కడిగేస్తా" అన్నవాడు మర్నాడు "సరే సార్" అని వస్తే ఆ పేరు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలిగి అన్నం మానేసి, ఆనక అలకా మానేస్తే అది అస్త్రసన్యాసం. ఇవి ఎలాగూ అందరూ బాగానే వాడతారు.

శల్యసారథ్యం మాత్రం తప్పుగా వాడతారు. బండి నడిపేవాడి వెనక కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని సతాయించేవాడిని శల్యుడు అంటున్నారు. కాదు. శల్యుడు వెనక కూర్చోలేదు, పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. రథం తోలుతూనే, వెనక యుద్ధం చేయాల్సిన కర్ణుడికి ధైర్యం చెడగొట్టాడు. కాబట్టి బండి నడిపేవాడే శల్యుడు, గుండె జారేది వెనక సీట్లోవాళ్లకు.

ఈ తేడా నాకు అనుభవంతో తెలిసింది. 48 ఏళ్లప్పుడు డిపార్ట్‌మెంటల్ పరీక్ష రాయడానికి వెళ్తున్నాను. మా ఆయన స్కూటరు నడుపుతున్నారు. దారి పొడుగునా ఒకటే వరస: ఈ వయసులో గుర్తుంటాయా, కుర్రవాళ్లంతా కోచింగులు తీసుకుని వచ్చుంటారు, పోనీలే అనుభవం వస్తుంది. రాత్రి వాన పడి రోడ్డంతా బురదగా ఉంది. నేను ఊరుకోలేక "మీరు ఇవాళ అచ్చంగా శల్యసారథ్యం చేస్తున్నారండీ" అన్నాను. ఆయన తొణకలేదు. "అయితే నువ్వు కర్ణుడివన్నమాట" అన్నారు.

సరిగ్గా అప్పుడే వెనక చక్రం బురదలో దిగబడింది. ఆయన హ్యాండిలు వదలకుండా, తల కూడా తిప్పకుండా అన్నారు: "దిగు మరి. రథచక్రం ఎత్తాల్సింది కర్ణుడే."